ఫిర్యాదు చేశాక మీకు రక్షణ ఉందా?

మా పిన్ని కూతురు బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. చేరిన నాలుగో నెలలో, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ''అన్నయ్యా, ఇంజెక్షన్ గంటన్నర లేటుగా ఇచ్చారు. చార్ట్‌లో టైమ్ మార్చి రాయమంటున్నారు. రాయనంటే ఉద్యోగం పోతుందా? పైన ఎవరికైనా చెబితే నా మీదే కేసు పెడతారా?''

నేను డాక్టర్ని కాదు, లాయర్ని అసలే కాదు. ఇంజినీరింగ్ చదివి, ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే టీమ్‌లో రెండేళ్లు పనిచేశాను. అందుకే నన్ను అడిగింది. ''రేపు చెప్తా'' అని ఫోన్ పెట్టేశాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. వెతకడం మొదలుపెడితే ముందు దొరికింది మన దేశపు చట్టం కాదు, టెక్సాస్‌లో ఇద్దరు నర్సుల కథ.

సంతకం లేని ఉత్తరం

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రానికి పడమటి చివర కెర్మిట్ అనే చిన్న ఊరుంది. జనాభా సుమారు ఆరు వేలు. అక్కడి కౌంటీ ఆసుపత్రిలో ఆన్ మిచెల్, విక్కీ గాలె అనే ఇద్దరు సీనియర్ నర్సులు పనిచేసేవారు. చికిత్స నాణ్యతను చూసుకోవడం వాళ్ల డ్యూటీలో భాగం. కొత్తగా వచ్చిన ఒక డాక్టర్ పద్ధతులు వాళ్లకు ప్రమాదకరంగా కనిపించాయి. రోగులకు తాను అమ్మే మూలికల మందులు అంటగడుతున్నాడని, చేయకూడని చోట చేయకూడని సర్జరీ చేశాడని వాళ్ల అభ్యంతరం. ముందు ఆసుపత్రిలోనే చెప్పి చూశారు. ఎవరూ పట్టించుకోలేదు.

2009 ఏప్రిల్‌లో టెక్సాస్ మెడికల్ బోర్డుకు ఉత్తరం రాశారు. సంతకం లేదు. రోగుల పేర్లు లేవు, ఫైల్ నంబర్లు మాత్రం ఇచ్చారు. ఉద్యోగం పోతుందన్న భయంతో పేర్లు రాయలేకపోతున్నామని కూడా చెప్పుకున్నారు.

బోర్డు పద్ధతి ప్రకారం, మీ మీద ఫిర్యాదు వచ్చిందని ఆ డాక్టర్‌కు తెలియజేసింది. ఆయన నేరుగా షెరీఫ్ దగ్గరికి వెళ్లాడు. షెరీఫ్ అంటే అక్కడ కౌంటీ పోలీసు అధికారి. ఈ షెరీఫ్ ఆయనకు స్నేహితుడు, ఆయన దగ్గర వైద్యం చేయించుకున్నవాడు కూడా. నన్ను వేధిస్తున్నారని డాక్టర్ అనగానే విచారణ మొదలైంది. బోర్డు దగ్గరున్న ఫిర్యాదు కాపీ షెరీఫ్ చేతికి వచ్చింది. ఉత్తరంలో తమ గురించి రాసుకున్న చిన్నచిన్న వివరాలతోనే అనుమానం ఇద్దరి దాకా వచ్చింది. తర్వాత సెర్చ్ వారెంట్ తెచ్చి ఆఫీసు కంప్యూటర్లు పట్టుకెళ్లారు. హార్డ్ డిస్క్‌లో ఆ ఉత్తరం దొరికింది.

ఇక్కడ చదవడం ఆపి తల పట్టుకున్నాను. ఆఫీసు కంప్యూటర్లో టైప్ చేశారా! డిలీట్ కొడితే ఫైల్ పోదని, దాని అడ్రస్ మాత్రమే పోతుందని మనకు సెకండియర్ ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులోనే చెప్తారు. పాపం ఆ నర్సులకు ఎవరు చెప్పాలి?

ఇద్దరినీ ఉద్యోగంలోంచి తీసేశారు. 'అధికారిక సమాచారాన్ని దుర్వినియోగం చేశారు' అని క్రిమినల్ కేసు పెట్టారు. నేరం రుజువైతే 10 ఏళ్ల దాకా జైలు. డాక్టర్ల మీద ఫిర్యాదులు తీసుకోవడానికే ఉన్న బోర్డుకు ఫిర్యాదు చేయడం ఎలా నేరమవుతుందని బోర్డే ప్రాసిక్యూటర్‌కు లేఖ రాసి అభ్యంతరం చెప్పింది. అయినా కేసు ఆగలేదు. గాలె మీద కేసును విచారణకు ముందే ఎత్తేశారు. మిచెల్ మాత్రం 2010 ఫిబ్రవరిలో బోనెక్కాల్సి వచ్చింది. జ్యూరీ గంట కూడా తీసుకోకుండా నిర్దోషి అని తేల్చింది.

తర్వాత కథ తిరగబడింది. నర్సులు అప్పటికే సివిల్ దావా వేసి ఉన్నారు. అదే ఏడాది 7.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. 2011లో షెరీఫ్‌కు 100 రోజుల జైలు శిక్ష పడింది. డాక్టర్ నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు, లైసెన్సు వదులుకున్నాడు. ఫిర్యాదు చేసే నర్సులకు రక్షణ పెంచుతూ టెక్సాస్ శాసనసభ చట్టాన్ని సవరించింది.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు వేసేయొచ్చు. కానీ ఒక్కసారి లెక్క చూడండి. 2009లో కూడా చట్టంలో రక్షణ ఉంది. రోగుల సమాచారాన్ని గోప్యంగా ఉంచాలనే అమెరికా నిబంధనలు కూడా, వైద్యాన్ని పర్యవేక్షించే సంస్థకు ఇవ్వడాన్ని అనుమతిస్తాయి. ఇవన్నీ కాగితం మీద ఉండగానే ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. రక్షణ చివరికి పనిచేసింది, కానీ నెలల తరబడి తల మీద కత్తి వేలాడాక.

అజ్ఞాతం వేరు, గోప్యత వేరు

ఈ రెండు మాటలనూ మనం కలిపేస్తుంటాం. అజ్ఞాతం అంటే నా పేరు ఎవరికీ తెలియకుండా నేనే దాచుకోవడం. గోప్యత అంటే నా పేరు సంస్థకు తెలుసు, బయటికి చెప్పకుండా ఆ సంస్థ కాపాడాలి. మొదటిది తెగితే అడిగే దిక్కు లేదు. రెండోది తెగితే 'నా పేరు ఎందుకు బయటపెట్టారు' అని ఆ సంస్థను నిలదీయొచ్చు.

2011లోనే టెక్సాస్ ఇంకో మార్పు కూడా చేసింది. పేరు లేని ఫిర్యాదులను మెడికల్ బోర్డు ఇకపై తీసుకోకూడదంది. ఫిర్యాదుదారు బోర్డుకు తన పేరు చెప్పాలి, బోర్డు దాన్ని గోప్యంగా ఉంచాలి. తమను ఎవరు నిందిస్తున్నారో తెలియకుండా విచారణ ఎదుర్కోవడం అన్యాయమని డాక్టర్లు చాలాకాలంగా అంటున్నారు. ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ కెర్మిట్ లాంటి ఊళ్లో, షెరీఫ్, డాక్టర్ స్నేహితులైన చోట, గోప్యత మీద నమ్మకంతో పేరు రాసి ఇవ్వడానికి ఎంతమంది ముందుకొస్తారు? నాకైతే ఈ రెండు వాదనలూ పూర్తిగా కలిసే చోటు కనిపించలేదు.

టెక్ వైపు నుంచి ఒక్క మాట. ఈ రోజుల్లో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో అజ్ఞాతం అనేది దాదాపు లేదు. ఏ లాగిన్‌తో, ఏ కంప్యూటర్ నుంచి, ఏ రోగి ఫైలు, ఏ నిమిషంలో తెరిచారో ఆడిట్ లాగ్‌లో పడుతుంది. ప్రింట్ ఇచ్చినా పడుతుంది. మీ డ్యూటీ కాని వార్డులో ఫైలు తెరిస్తే అది ముందు కనిపిస్తుంది. అయితే ఈ లాగ్ రెండువైపులా పదునే. మందు ఇచ్చిన సమయం ఒక గడిలో మీరు టైప్ చేస్తారు, ఆ ఎంట్రీ ఎప్పుడు చేశారన్నది సిస్టమ్ తనంతట తాను రాసుకుంటుంది. మొదటిది మార్చొచ్చు, రెండోదాన్ని వార్డులో ఎవరూ మార్చలేరు. అంటే మా చెల్లి ఆ రాత్రి టైమ్ మార్చి రాసి ఉంటే అబద్ధం ఆమె లాగిన్ కింద శాశ్వతంగా ఉండిపోయేది. మార్చమన్న మనిషి పేరు ఎక్కడా ఉండదు.

సాక్షికి చోటిచ్చిన చట్టం

1986లో అమెరికా పార్లమెంటు వైద్య నాణ్యత మెరుగుదల చట్టం చేసింది. డాక్టర్ల తప్పులను తోటి డాక్టర్లే కమిటీగా కూర్చుని విచారించే పద్ధతి అక్కడ ఉంది. కమిటీలో కూర్చున్నవాళ్ల మీద, సాక్ష్యం చెప్పినవాళ్ల మీద నష్టపరిహారం దావాలు పడుతుంటే ఇక నోరు విప్పేదెవరు? అందుకే సాక్షిగా గానీ, మరోలా గానీ విచారణ కమిటీకి సమాచారం ఇచ్చినవారిపై నష్టపరిహారం భారం పడదని చట్టంలోనే రాశారు. మినహాయింపు ఒక్కటే: చెప్పింది అబద్ధమై, అబద్ధమని తెలిసీ చెప్పి ఉంటే రక్షణ లేదు. పొరబడితే పర్వాలేదు, కావాలని అబద్ధమాడితే కుదరదు అన్నమాట.

కమిటీకి మాత్రం షరతులు ఎక్కువ. చికిత్స నాణ్యత కోసమే చర్య తీసుకుంటున్నామని నమ్మడానికి కారణం ఉండాలి, వాస్తవాలు తెలుసుకోవడానికి తగిన ప్రయత్నం చేయాలి, డాక్టర్‌కు నోటీసు ఇచ్చి వాదన వినాలి, తేలిన వాస్తవాలను బట్టి ఆ చర్య సమంజసమై ఉండాలి.

ఈ షరతులు ఎందుకో తెలియాలంటే ఆరిగాన్ రాష్ట్రంలోని అస్టోరియా కేసు చూడాలి. తిమోతీ ప్యాట్రిక్ అనే సర్జన్ అక్కడి ఏకైక ఆసుపత్రిలో పనిచేసేవారు. ఊళ్లో డాక్టర్లు చాలామంది నడిపే క్లినిక్‌లో భాగస్వామిగా చేరమంటే కాదని, సొంత ప్రాక్టీసు పెట్టుకున్నారు. తర్వాత ఆసుపత్రిలో ఆయన మీద క్రమశిక్షణ విచారణ మొదలైంది. విచారణ నడిపినవాళ్లలో ఆ క్లినిక్ డాక్టర్లున్నారు. అంటే పోటీదారులే న్యాయమూర్తులు. ఆయన కోర్టుకెళ్లారు. 1988లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. ఫిర్యాదు చేసినవాడే ఎప్పుడూ నిజాయితీపరుడని, విచారణ ఎదుర్కొంటున్నవాడే ఎప్పుడూ దోషి అని అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

మన దగ్గర ఎలా ఉంది?

డాక్టర్ల ప్రవర్తనకు మన దేశంలో ఇప్పటికీ ఆధారం 2002 నాటి నిబంధనలే. 2023 ఆగస్టులో జాతీయ మెడికల్ కమిషన్ కొత్తవి తెచ్చింది, అదే నెలలో పక్కన పెట్టేసింది. 2002 నిబంధనల్లో 1.7 అని ఒక చిన్న క్లాజు ఉంది. తోటి వైద్యుల్లో అసమర్థత, అవినీతి, అనైతిక ప్రవర్తన కనిపిస్తే భయం, పక్షపాతం లేకుండా బయటపెట్టాలని దాని సారాంశం. చదవడానికి ఎంత బాగుందో! భయం లేకుండా చెప్పమంది సరే, భయం లేకుండా ఉండటానికి ఏం ఏర్పాటు చేసింది?

2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టంలో సదుద్దేశంతో చేసిన పనులకు రక్షణ కల్పించే సెక్షన్ ఉంది. ఎవరికి? ప్రభుత్వానికి, కమిషన్‌కు, దాని బోర్డులకు, రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్లకు, వాటి కమిటీలకు, అధికారులకు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు, సాక్షి పేరు ఆ వరుసలో లేవు. అమెరికా చట్టంలో 'సాక్షిగా గానీ మరోలా గానీ' అన్న చోటు మన చట్టంలో ఖాళీగా ఉంది. నా దృష్టిలో అసలు లోపం ఇదే.

విచారణ ఎదుర్కొనే డాక్టర్‌కు ఉన్న రక్షణలు మాత్రం స్పష్టంగానే ఉన్నాయి. ఆయన వాదన వినకుండా కౌన్సిల్ చర్య తీసుకోకూడదు. స్వయంగా గానీ, లాయర్ ద్వారా గానీ వాదించుకోవచ్చు. క్రిమినల్ కేసు విషయంలో 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. స్వతంత్ర వైద్య నిపుణుడి అభిప్రాయం తీసుకోకుండా ముందుకు వెళ్లొద్దని, ఆరోపణ రాగానే మామూలుగా అరెస్టు చేసేయొద్దని చెప్పింది. ఇవి ఉండాల్సినవే. తేడా అప్పీలు దగ్గర వస్తుంది. రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే పైకి అప్పీలు చేసుకునే హక్కును 2019 చట్టం పేరు పెట్టి ఇచ్చింది వైద్యుడికే. పాత నిబంధనల్లో ఫిర్యాదుదారుకూ ఆ దారి ఉండేది.

మరి సాక్షికి ఏమీ లేదా? ఉంది, కాకపోతే అది వైద్య చట్టంలో లేదు. మూడేళ్లుగా కోచింగ్ సెంటర్లలో పాలిటీ చదువుతున్న నా ఫ్రెండ్ చూపిస్తే గానీ నాకూ తెలియలేదు. పరువు నష్టం నేరానికి చట్టంలోనే కొన్ని మినహాయింపులున్నాయి. పాత ఐపీసీ 499లో ఉన్నవే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356లోకి వచ్చాయి. వాటిలో ఎనిమిదోది మనకు కావాల్సింది. ఒక వ్యక్తి మీద చట్టబద్ధమైన అధికారం ఉన్నవారికి, ఆ విషయం మీదే, సదుద్దేశంతో చేసిన ఆరోపణ పరువు నష్టం కాదు.

ఇందులో ప్రతి ముక్కా ముఖ్యమే. అధికారం ఉన్నవారికి అంది. ఒక డాక్టర్ మీద మెడికల్ కౌన్సిల్‌కు రాస్తే ఈ మినహాయింపు కిందికి వస్తుంది. అవే వాక్యాలు, అక్షరం మార్చకుండా, బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెడితే? ఆ గ్రూపులో ఉన్న 180 మందికీ ఆ డాక్టర్ మీద ఏ అధికారమూ లేదు. సదుద్దేశం అంటే కూడా 'మనసులో మంచే ఉంది' అని కాదు, తగిన జాగ్రత్తతో విచారించుకుని చెప్పడం. రక్షణ మీకు లేదు, మీరు ఎంచుకున్న దారికి ఉంది. దారి మారితే రక్షణ మీతో రాదు. ఇంకోటి, ఈ మినహాయింపు పరువు నష్టం కేసు దాకానే. ప్రైవేటు యాజమాన్యం మిమ్మల్ని తీసేయకుండా అది ఆపదు.

ప్రభుత్వ ఉద్యోగమైతే కాస్త నయమనుకుంటాం. విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2014లోనే ఆమోదించింది, రాష్ట్రపతి సంతకమూ అయింది. కానీ అమలు తేదీ నోటిఫై చేయలేదు, అది ఇప్పటికీ పుస్తకంలోనే ఉంది. సాక్షుల రక్షణ పథకం 2018లో వచ్చింది గానీ, అది క్రిమినల్ కేసుల సాక్షులకే. మరోపక్క ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తన నియమావళి, అనుమతి లేకుండా మీడియాతో మాట్లాడితే చర్య తప్పదంటుంది. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో మాస్కులు, రక్షణ దుస్తుల కొరత గురించి మీడియా ముందు మాట్లాడారు, సస్పెండయ్యారు. ఆ తర్వాతి నెలలో విశాఖలో పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన వీడియో దేశమంతా చూసింది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో మరణించారు. రాజకీయాలు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకుందాం. లోపాన్ని చెప్పుకోవడానికి ఆయనకు ఏ గది చూపించాం? ఆ గదిలో చెప్పి ఉంటే రక్షిస్తామని ఏ చట్టం హామీ ఇచ్చింది?

ఇది మీ సంగతి కూడా

'మేం డాక్టర్లం కాదుగా' అనుకుని పేజీ తిప్పకండి. ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్, రేడియాలజీ లాంటి కోర్సులవారికి 2021లో, నర్సులకు 2023లో కొత్త జాతీయ కమిషన్ చట్టాలు వచ్చాయి. ఇక పని చేయాలంటే రిజిస్టర్‌లో పేరుండాలి, తప్పు రుజువైతే ఆ పేరు పోతుంది. రేపు మీరు ఫిర్యాదుదారు కావచ్చు, సాక్షి కావచ్చు, నోటీసు అందుకున్నది మీరే కావచ్చు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సపోర్టులో చేరే బీటెక్‌వాళ్లను కూడా 'ఆ లాగ్ తీసివ్వు' అని ఎవరో ఒకరు అడిగే రోజు వస్తుంది. రాతపూర్వకంగా, అడిగే అధికారం ఉన్నవారి నుంచి వస్తేనే ఇవ్వండి. ఫ్రెండ్ కదా అని స్క్రీన్‌షాట్ పంపితే కెర్మిట్‌లో షెరీఫ్ చేసిన పనికి మీదీ ఓ చెయ్యి వేసినట్టే.

ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు జీతం, బాండ్ చూస్తాం. గోప్యత క్లాజు కూడా చదవండి. పర్యవేక్షణ సంస్థలకు సమాచారం ఇవ్వడాన్ని కూడా నిషేధిస్తున్నట్టు రాసి ఉంటే సంతకానికి ముందే హెచ్‌ఆర్‌ను అడగండి. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో పొరపాట్లను నమోదు చేసే పద్ధతి ఉండి తీరాలి. ఇంటర్వ్యూలో 'మీకేమైనా ప్రశ్నలున్నాయా' అన్నప్పుడు ఇన్సిడెంట్ ఫారం ఎవరికి ఇవ్వాలి అని అడిగితే తప్పేం కాదు. జవాబు చెప్పడానికి వాళ్లు తడుముకున్నారంటే అర్థమైపోతుంది. ఏదైనా జరిగితే చూసింది చూసినట్టు తేదీ, సమయంతో మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి. రోగి ఫైలును మాత్రం ఫోన్‌లో ఫొటో తీయొద్దు. ఫైలు ఎలాగూ ఎక్కడికీ పోదు, నంబరు గుర్తుంటే చాలు.

మర్నాడు పొద్దున మా చెల్లికి ఇవన్నీ చెప్పలేదు, చెప్పే టైమ్ లేదు. నిజం టైమ్ రాయి, ఆలస్యానికి కారణం రాయి, ఇన్సిడెంట్ ఫారం నింపి నంబరు రాసుకో అన్నాను. అలాగే చేసింది. నైట్ ఇన్‌ఛార్జి రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. మూడు నెలలు నైట్ డ్యూటీలే పడ్డాయి. అది కక్షో, రోస్టర్ లెక్కో తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు. ఉద్యోగం మాత్రం పోలేదు.

ఇప్పుడు అమెరికా వెళ్లడానికి ఎన్‌క్లెక్స్ పరీక్షకు చదువుతోంది. మొన్న ఒక ప్రాక్టీస్ ప్రశ్న ఫొటో తీసి పంపింది. తోటి నర్సు చార్ట్‌లో తప్పుడు ఎంట్రీ చేయడం చూస్తే మీరు ముందు ఎవరికి చెప్తారు అని ప్రశ్న. ఇన్‌ఛార్జికి అన్నది సరైన జవాబు. కింద మా చెల్లి మెసేజ్: ''చేయమన్నదే ఇన్‌ఛార్జి అయితే ఆప్షన్ లేదు అన్నయ్యా.''